ముందు రెక్క మీద పసుపు

మెదక్‌లో విమానం కట్టారా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. కట్టాం. రైసుమిల్లు గోదాములో కట్టాం, బీడు భూమి మీద నుంచి ఎగరేశాం. అది ఇప్పటికీ ఎగురుతోంది. అయితే నేను చెప్పబోయేది దాన్ని కట్టిన ఘనత గురించి కాదు. మొదటిసారి ఎగరాల్సిన పొద్దున దాన్ని నేను ఆపేశాను. జనమంతా ఒక పక్క, నేనొక్కదాన్నే ఒక పక్క. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఆ పొద్దు సంగతి వింటే మంచిది. ఎందుకంటే అలాంటి పొద్దు మీకూ ఒకటి రాక తప్పదు. అప్పుడు పుస్తకం తెరిచి చూసుకునే తీరిక ఉండదు.

నేను పుట్టింది చర్చి వెనక వీధిలో. మా వాళ్లలో నా వయసు ఆడవాళ్లంటే అయితే టీచరమ్మ, కాకపోతే నర్సమ్మ. నేను రెండూ కాలేదు. హైదరాబాదులో గ్లైడర్లు, చిన్న విమానాలు బాగుచేసే ఒక షాపులో ఫైబర్ గ్లాస్ పనికి చేరి, అక్కడే ఇన్‌స్పెక్టర్‌నై రిటైరయ్యాను. ఇన్‌స్పెక్టర్ అంటే మరేం లేదు, తోటివాళ్లు చెమటోడ్చి చేసిన పనిలో తప్పులు వెతకడం. దానికి జీతం ఇస్తారు కానీ దండలు వెయ్యరు. మా ఆయన పోయాక మెదక్ వచ్చేశాను. ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో నన్ను టీచరమ్మ అనే అంటారు. ట్యూషన్ ఫీజు ఎంత అని అడిగి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

అలాంటి రోజుల్లో పటేలు వచ్చాడు. శంకరంపేట వైపు పొలాలు, పాపన్నపేట రోడ్డు మీద రైసుమిల్లు ఉన్న మనిషి. కుర్రతనంలో ఎక్కడో ఫ్లయింగ్ క్లబ్బులో పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడట. తరువాత మిల్లు, పెళ్లి, బంధువుల ఎలక్షన్లు. ఆ లైసెన్సు కోరిక మాత్రం చావలేదు, రెన్యూవల్ చేయించుకుంటూనే వచ్చాడు. బెంగుళూరు దగ్గర ఎవరో సగం కట్టి విసుగొచ్చి వదిలేసిన విమానం అమ్మకానికి ఉందనీ, వచ్చి చూడమనీ అడిగాడు.

అది కనార్డ్ విమానం. మామూలు విమానానికి చిన్న రెక్క తోక దగ్గర ఉంటుంది కదా, దీనికి ముక్కు దగ్గర ఉంటుంది. పెద్ద రెక్కలు వెనక, విమానాన్ని తోసే పంకా ఇంకా వెనక. పటేలు మిల్లులో ఇంజిన్లు చూసే మిస్త్రీ దాన్ని చూడగానే 'ఉల్టా విమానం' అని పేరు పెట్టాడు. ముందు సీట్లో మనిషి లేకపోతే అది వెనక్కి కూలబడుతుంది. అందుకని ఆపినప్పుడల్లా ముందు చక్రం ముడిచి ముక్కును నేలకు ఆనిస్తారు. మోకరించినట్టు కనిపిస్తుంది. చూడటానికి వచ్చినవాళ్లు విరిగిపోయిందా అని అడిగేవాళ్లు.

సగం కట్టిన విమానం కొనడమంటే అంగట్లో ఎద్దును కొన్నట్టే. అమ్మేవాడు కొమ్ములకు రంగేసి చూపిస్తాడు, మనం పళ్లు చూడాలి. ఆ అమ్మేవాడు ఇంజిను గొప్పలు చెబుతుంటే నేను రూపాయి బిళ్ల తీసి రెక్కల మీద తట్టుకుంటూ పోయాను. గ్లాస్ బట్ట లోపలి నురగకు బాగా అతికిన చోట గట్టిగా మోగుతుంది, విడిపోయిన చోట మూగగా పలుకుతుంది. కుడి రెక్క సగం మూగది. మిగతా ఒళ్లు కొనుక్కో, కుడి రెక్క మనం కొత్తది చేద్దాం అన్నాను. పటేలు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

పనికి ఒప్పుకునే ముందు నేను ఒకే ఒక షరతు పెట్టాను. నేను సరే అనేదాకా అది నేల వదలకూడదు. ఆ మాట వాళ్ల ఇంట్లో, వాళ్లమ్మ ముందర అనిపించాను. ఆమె పెద్ద పటేలమ్మ. భర్త పోయాక మిల్లునూ పొలాలనూ కొడుకు చేతికి అందొచ్చేదాకా ఒక్కతే నిలబెట్టిన మనిషి.

"మీ మాటే ఆఖరు మేడం. మీరు సై అనేదాక నేల ఇడువ," అన్నాడు పటేలు.

పెద్ద పటేలమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఈ టీచరమ్మకు విమానాలెందుకు అని కోడలిని అడిగింది. నాకు వినిపించాలనే అడిగింది.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను. నురగ దిమ్మెను వేడి తీగతో రెక్క ఆకారానికి కోసి, దాని మీద గ్లాస్ బట్ట పరిచి, రెజిన్ పూసి, పొర మీద పొర వేస్తాం. ఎండాకాలం మన దగ్గర రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది కాబట్టి తెల్లవారుతూనే మొదలుపెట్టి ఎండెక్కే లోపు చేతులు కడుక్కునేవాళ్లం. అంతా బాగానే ఉందనుకున్నాం కానీ, ఎక్కడా జరగని తప్పు ఒకటి మా దగ్గర జరిగింది. గోడ అవతల మిల్లు ఆడుతోంది. గాలిలో తవుడు. కంటికి ఆనదు, కానీ తడి మీద పడుతుంది. తవుడులో నూనె ఉంటుంది, నూనె మీద రెజిన్ అతకదు. కొత్త కుడి రెక్క ఆరాక అరచేత్తో నిమిరితే జిడ్డుగా తగిలింది. కోసి పారేద్దామన్నాను. పటేలు బతిమాలాడు, రుద్ది చూద్దామన్నాడు, చివరికి కోపం తెచ్చుకున్నాడు. నేను అదే మాట మీద ఉన్నాను. మిస్త్రీ వెళ్లి రంపం తెచ్చాడు.

రెక్కను ముక్కలు చేసి బయట పడేశాక ఆ మిస్త్రీయే చాయ్ తెచ్చిచ్చి, "మేడం, మీకు దుష్మన్లు మస్తుగున్నరా?" అని అడిగాడు.

తక్కువుంటే పని సరిగ్గా చెయ్యనట్టే అన్నాను. మళ్లీ రెక్క చేసినన్నాళ్లూ పటేలు పొద్దుటిపూట మిల్లు బంద్ పెట్టించాడు.

తరువాత రంగు గొడవ. విమానానికి తమ పార్టీ రంగు వేయాలని బంధువులు పట్టుబట్టారు. ముదురు రంగు వేస్తే మన ఎండకు పైపొర కాగి లోపలి రెజిన్ మెత్తబడుతుంది. ఇలాంటి విమానాలకు తెలుపు తప్ప దారి లేదు. అంబులెన్సులాగ ఉంటుందన్నారు. రంగు వేస్తే అంబులెన్సు అవసరం పడుతుందన్నాను. తెలుపే వేశారు.

అనుమతుల కోసం తిరిగిన తిరుగుడు చెబితే మీరు ఈ పని మానుకుంటారు, అందుకని చెప్పను. వచ్చాయి. పటేలు తన బీడు చదును చేయించి రన్‌వే చేశాడు. దాని చివర కాలువ కట్ట. ఎగరకుండా నేల మీద వేగంగా పరుగెత్తించి చూసే రోజుల్లో ఒక పొద్దున సన్నగా జల్లు పడింది. పటేలు వేగం అందుకుని ముక్కు లేపబోతే లేవలేదు. ముక్కు లేపే కర్ర పూర్తిగా వెనక్కి లాగినా లేవలేదు. ఇంజిను తగ్గించి బ్రేకులు తొక్కితే కట్టకు కాస్త ఇవతల ఆగింది. ముందు రెక్క తుడిచి, ఆరనిచ్చి మళ్లీ పరుగెత్తిస్తే ముక్కు తేలిగ్గా లేచింది. ఈ విమానంలో ముక్కును పైకి పట్టుకునేది ఆ ముందు రెక్కే. మా దాని రెక్క పాతకాలపు తీరుది. దాని అంచు అద్దంలా నున్నగా ఉంటేనే పనిచేస్తుంది, నీటిబొట్లను కూడా ఓర్చుకోదు. దిగి వచ్చిన పటేలు ముఖం పాలిపోయి ఉంది. నేను చెప్పబోతే, అర్థమైంది మేడం అన్నాడు. నిజంగానే అర్థమైంది. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తరువాత జరిగింది తెలియనితనం వల్ల కాదు.

ఎగిరే రోజు వచ్చింది. నేను షేర్ ఆటో దిగి నడిచి వెళ్లేసరికి బీడు పక్కన షామియానా, కుర్చీలు, టిఫిన్లు. చుట్టుపక్కల ఊళ్ల జనం ట్రాక్టర్ల మీద వచ్చి ఉన్నారు. ఇంటివాళ్లు ముందురోజు సాయంత్రమే పూజ కానిచ్చారట. కొత్త బండికి పూజ చెయ్యని ఇల్లు మన దగ్గర ఉంటుందా, ఆ మాత్రం నేనూ ఎదురు చూశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకోమని నేనే చెప్పాను కూడా. కానీ ముందు రెక్క చూసి నా కాళ్లు ఆగిపోయాయి.

ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అంచంతా పసుపు. పసుపు మీద వరుసగా కుంకుమ బొట్లు, బొట్ల మధ్య బియ్యప్పిండి గీతలు. ఇంటి గడపకు ఎలా చేస్తారో అచ్చం అలా. ఎంత అందంగా ఉందో చెప్పలేను. పటేలు భార్య చేసింది. ముందున్నదే గడప, లోపలికి పోయేవాడు గడప దాటి పోవాలి అని అత్తగారు చెప్పిందట. రాలిపోకుండా పసుపులో నూనె కూడా కలిపారు. వేలు పెట్టి చూస్తే ఎండి గరుకుగా తగిలింది. జల్లుకే లేవని ముక్కు.

మిస్త్రీని బకెట్ నీళ్లు, సబ్బు, మెత్తటి బట్ట తెమ్మన్నాను. పటేలు భార్య నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. కట్టుకున్న మనిషి గాలిలోకి పోబోతున్నాడు, ఆయన కోసం ఆమె తన చేత్తో పెట్టిన పసుపు కుంకుమను తుడిచేస్తానంటున్నాను. తుడిచేది ఎవరు? నా వంటిది. ఆ అర్థం అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకూ తెలుసు. పెట్టక ముందు చెప్పి ఉంటే చక్రాలకు పెట్టుకునేవాళ్లు. పెట్టాక తుడవడం వేరు.

కుర్చీల్లోంచి ఎవరో, చర్చి మనిషి కదా, పసుపు చూస్తే ఓర్వదు అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"నిన్న పొద్దుగాల మా మరదలు ఇదే రెక్క మీద దేవుని వాక్యం స్టిక్కర్ అంటిస్తే గది గూడ నేనే పీకిన," అన్నాను. "ఈ అంచు మీద ఏసయ్య పేరు గూడ ఉండొద్దు."

పటేలు నన్ను పక్కకు పిలిచి, వేగం జర ఎక్కువ తీసుకుంటాననీ, ఒక్క చుట్టు తిరిగి దిగేస్తాననీ, అమ్మను నొప్పించలేననీ మెల్లగా చెప్పాడు. వానకు లేవని ముక్కు పసుపుకు లేస్తుందా అని అడిగాను. నా మాట ఆఖరన్నావు కదా అంటే, ఈ ఒక్కసారికి అని గొణిగి, హెల్మెట్ పట్టుకుని విమానం వైపు కదిలాడు.

పిల్లలూ, ఇక్కడ వినండి. ఇలాంటప్పుడు మన మాట వినకపోతే తప్పు వాళ్లదే అని చేతులు దులుపుకోవచ్చు. చెప్పాం కదా, మన బాధ్యత తీరింది అనుకోవచ్చు. అలా అనుకున్న తెలివైనవాళ్లను నేను ఉద్యోగంలో చాలామందిని చూశాను. వాళ్లంతా మర్యాదగానే రిటైరయ్యారు. నాకు ఆ మర్యాద అక్కర్లేదు. నేను పటేలు కంటే ముందు నడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, విమానం ఎక్కి పైలట్ సీట్లో కూర్చున్నాను.

ఆ సీటు పడక కుర్చీలా వెనక్కి వాలి ఉంటుంది. నా వయసువాళ్లు అందులో పడితే ఎవరైనా చెయ్యిచ్చి లాగితే తప్ప లేవలేరు. ఆ పూట అది నాకు మేలే చేసింది. దిగమన్నారు, బతిమాలారు. ఒకాయన మర్యాదగా ఉండదన్నాడు. కదల్లేదు. చివరికి పెద్ద పటేలమ్మ తానే లేచి విమానం దగ్గరకు వచ్చింది. నేను పడుకున్నట్టుగా కింద, ఆమె పైన. కోర్టు బోనులో ఉన్నట్టే ఉంది నాకు.

"దిగు టీచరమ్మా."

"దిగ పటేలమ్మా. మీ కోడలు పసుపు మీద నాకేం కోపం లేదు. చక్రాలకు పెట్టుండ్రి, తలుపుకు పెట్టుండ్రి, పళ్లెం నేను పట్టుకుంట. గా రెక్క అంచు మీద మాత్రం ఉండొద్దు. ఉంటే ముక్కు లేవదు. ఉరికి ఉరికి కాలువ కట్టకు గుద్దుతది."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నిజమేనారా?"

పటేలు హెల్మెట్ పట్టీ సర్దుకోబోయాడు.

"నిన్నే అడుగుతున్న."

"నిజమే అమ్మా. వాన పడ్డనాడు గట్లనే అయింది. జరంతల తప్పింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఎగరనియ్యవని."

ఆమె ఆ పసుపును వేలితో గీకి చూసింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఇంక ఈ విమానమే వద్దంటుందేమో, గోదాములో మూల పడేయమంటుందేమో అనిపించింది. అన్నా నేను కాదనలేను, కన్నతల్లి.

"తుడిస్తే లేస్తదా?" అంది నాతో.

"లేస్తది."

"నీ కొడుకైతే ఎక్కిస్తవా?"

"ఎక్కిస్త. మొదటిసారి ఇంకొకరు ఎక్కొద్దని రూల్ ఉన్నది గానీ, లేకుంటే ఎనక సీట్ల నేనే కూసుందును."

ఇంతలో కోడలు తడిబట్టతో ముందుకొచ్చింది. తాను పెట్టింది తానే తుడుస్తానంది. పెద్ద పటేలమ్మ ఆ బట్ట లాక్కుంది.

"నువ్వు ముట్టకు. నీ మొగడు ఎక్కుతున్నడు. నా బొట్టు ఎన్నడో పోయింది, ఇగ నాకు పోయేదేమున్నది? నేనే తుడుస్త."

తుడిచింది. పట్టుచీర కొంగు నడుముకు చుట్టుకుని, సబ్బునీళ్లలో బట్ట ముంచి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తానే తుడిచింది. మిస్త్రీ నీళ్లు పోస్తూ వెంట నడిచాడు. పసుపు నీళ్లు తెల్లటి రెక్క మీద నుంచి కారి మట్టిలో కలుస్తుంటే కోడలు తల తిప్పుకుని ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సీట్లోంచే చెప్పాను, అంచు కింద కూడా తుడవాలి పటేలమ్మా, బియ్యప్పిండి అక్కడే పట్టుకుంటుంది అని. ఆమె నా వైపు కొరకొరా చూసి కింద కూడా తుడిచింది. తరువాత నన్ను లాగి నిలబెట్టారు. అరచేత్తో అంచంతా నిమిరి చూశాను. ఎడమ చివర ఒకచోట ఇంకా గరుకు ఉంది. చూపిస్తే మళ్లీ తుడిచింది.

"గడప ఎట్ల కడగాల్నో మా ఇంటి కోడండ్లకు నేను నేర్పిన," అంది. "నాకు నువ్వు నేర్పుతున్నవ్."

కోడలు మళ్లీ పళ్లెం తెచ్చి చక్రాల కవర్లకు బొట్లు పెట్టింది. మాటిచ్చాను కాబట్టి పళ్లెం నేనే పట్టుకున్నాను. పటేలు ఎక్కి కూర్చున్నాడు. నేను సరే అన్నాను.

ఇంకో పని మిగిలింది. పంకా వెనకుంటుంది, పైలట్‌కు కనబడదు. అందుకని ఒకరు ముందు పక్కన, ఆయనకు కనిపించేలా నిలబడి, వెనకంతా ఖాళీగా ఉందని చూసి చెయ్యెత్తాలి. అది నా పని. నేను అటు నడుస్తుంటే వాళ్ల బంధువు ఒకాయన అడ్డం వచ్చాడు. మంచి మనిషే, చేతులు జోడించే చెప్పాడు. మొదటిసారి బయలుదేరుతున్నాడు, ముత్తైదువ ఎవరైనా ఎదురుంటే బాగుంటుంది, ఏమనుకోవద్దు అన్నాడు.

ఏమనుకోను? మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని గుమ్మాల దగ్గర ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగానో నాకే తెలుసు. చర్చి పెళ్లిళ్లలోనూ జరిగాను, మావాళ్లేం తక్కువ తినలేదు. బయలుదేరే మనిషికి మేము ఎదురు రాకూడదు. అలవాటైన సంగతే. కానీ ఆ రెక్క ప్రతి పొరనూ తట్టి చూసిన చెయ్యి ఇది. నేను పక్కకు జరగనని చెప్పడానికి నోరు తెరిచాను. నా వెనక నుంచి పెద్ద పటేలమ్మ గొంతు వినిపించింది.

"మేమిద్దరం నిలవడతం. ఇష్టం లేనోళ్లు కండ్లు మూసుకోండ్రి."

ఆ బంధువు తప్పుకున్నాడు. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. తడిసిన పట్టుచీర, పసుపు అంటిన చేతులు. ఎక్కడ నిలబడాలో చూపించాను. వెనక ఖాళీగా ఉందని చూసి నేను చెయ్యెత్తాను. ఇద్దరూ ఎత్తాలనుకుందేమో, ఆమె కూడా ఎత్తింది. ఇంజిను హోరెత్తింది. విమానం మాకు ఎదురుగా వచ్చి, మమ్మల్ని దాటి, జల్లు రోజు ఆగిన చోటుకు చాలా ఇవతలే ముక్కు లేపింది. ఆ వెంటనే నేల వదిలింది. కాలువ కట్ట మీదుగా మంజీర వైపు పోయి, చుట్టు తిరిగి వచ్చి దిగేదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు.

దిగి వచ్చిన కొడుకు కాళ్లకు మొక్కబోతే ముందు చెంప మీద ఒకటి వేసింది, దాచినందుకు. తరువాత దగ్గరకు తీసుకుంది. తరువాత జనమంతా వింటుండగా చెప్పింది.

"మళ్ల ఎగిరేనాడు మమ్ముల పిలువు. మేమిద్దరం ఎదురు రానిది కదలకు."

ఇప్పటికీ అలాగే జరుగుతోంది.